దోన కాడ వంతు

ఎస్సై త్రివేణి ఏది అడిగినా గొర్ల కాపరి ఐలేశం దగ్గర జవాబు ఒకటే. అది జవాబు కూడా కాదు, ఎదురు ప్రశ్న.

"గొర్లకు నీళ్లు వెట్టిండ్రా, బిడ్డా?"

నిన్న పొద్దున బోడగుట్ట ఎందుకెక్కావని అడిగింది. గొర్లకు నీళ్లు పెట్టారా అన్నాడు. నాగేందర్ సారు పడి ఉండటం ముందుగా చూసింది నువ్వేనా అని అడిగింది. తలూపి మళ్లీ అదే అడిగాడు. గొంగడికి నెత్తురెట్లా అంటిందంటే, "మోసుకొచ్చిన గదా" అని ఒక ముక్క ఎక్కువ చెప్పి, వెంటనే గొర్ల మాటకే వచ్చాడు. ఠాణా గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్న ఆ ముసలి మనిషి చూపు ఆమె మీద లేదు. కిటికీలోంచి గుట్ట దిక్కు ఉంది.

"పెట్టిండ్రు తాతా. క్యాంపు దొడ్లె తొట్టి నింపిండ్రట. ఫికర్ చెయ్యకు," అంది త్రివేణి.

అది ఆమె కళ్లతో చూసిన సంగతి కాదు. హైదరాబాద్ నుంచి వస్తున్న ఇన్‌స్పెక్టర్ దామోదర్ ఫోనులో చెప్పిన సంగతి. ఐలేశం అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. నమ్మాలా వద్దా అని తూకం వేసే చూపు. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

నిన్న జరిగింది ఇంతే. బోడగుట్ట మీద, రాతి పలకలో వానలు తొలిచిన నీటిగుంట ఒకటి ఉంది. దాన్ని దోన అంటారు. ఎండాకాలంలో చుట్టుపక్కల మందలకు అదే దిక్కు. దాని పక్కన నాగేందర్ అనే పెద్దమనిషి తల వెనుక దెబ్బతో పడి ఉన్నాడు. ఐలేశం ఆయన్ను గొంగట్లో చుట్టి, వీపున వేసుకుని గుట్ట దిగాడు. నాగేందర్ ఇప్పుడు నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడు. మోసుకొచ్చిన మనిషి ఠాణాలో ఉన్నాడు. అతని మంద సాక్ష్యం పేరుతో క్యాంపు కంచె లోపల ఉంది.

నాగేందర్ ఢిల్లీ కమిటీ సభ్యుడు. చంద్రుడి మీద మన దేశం శాశ్వతంగా స్థావరం కట్టుకుంటే అక్కడి నేల మీద, అక్కడి మంచు మీద ఎవరికి ఎంత హక్కు ఉండాలో నియమాలు రాసే కమిటీ అది. ఆ స్థావరానికి నమూనా బోడగుట్ట కిందే కట్టారు. తెల్లటి గుమ్మటాలు, చుట్టూ చంద్రుడి నేలలా పరిచిన బూడిద రంగు రాతిపొడి, దాని చుట్టూ నిలువెత్తు కంచె. జనం దాన్ని చందమామ క్యాంపు అంటారు. ఆ కంచె రేపోమాపో గుట్టను కూడా మింగుతుందని పుకారు. గ్రామసభలో ఐలేశం అందరి ముందూ లేచి, గుట్ట మీద కంచె పాతేటోని చేతులు ఉంటయో ఊడుతయో చూస్తనన్నాడు. ఆ వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది.

దామోదర్ వచ్చీ రాగానే ఆ వీడియోనే ముందు బల్లమీద పెట్టాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నలభై దాటినా పోలీసు బడి నుంచి నిన్ననే బయటికొచ్చినట్టు నిటారుగా ఉండే మనిషి. ప్రత్యేక బృందం అతనిదే. కేసు అతనిదేనని కాయితం రాలేదు గానీ, గొంతు మాత్రం అప్పుడే వచ్చేసింది.

"నెత్తురున్న గొంగడి ఉంది. బెదిరించిన వీడియో ఉంది. దోన దగ్గర కాపరులు పెట్టే గుర్తు, ఆ కొమ్మ కూడా ఉంది. మంద తోలుకుని నీళ్లకు వచ్చాడు, సారు అక్కడ ఉన్నాడు, మాటా మాటా పెరిగింది. ఇంకేం కావాలి త్రివేణీ?"

"కొట్టినోడు మోసుకొని ఎందుకొస్తడు సార్?"

"చస్తాడేమోనని భయమేసి వస్తాడు. నేను ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను."

ఆమె కొమ్మ సంగతి అడిగింది. నిన్న తను దవాఖానలో ఉండిపోవడంతో గుట్ట ఎక్కింది హెడ్ కానిస్టేబుల్. పంచనామాలో 'రాతి సందులో నిలబెట్టిన ఒక పచ్చి కొమ్మ' అని రాసి, ఫొటో తీసుకుని, దాన్ని అక్కడే ఉంచి కాపలా పెట్టి దిగాడు. ఫొటోలో అది దూరాన ఒక పచ్చటి మరక. తను వెళ్లి చూడనిదే చార్జి రాయనని త్రివేణి తేల్చి చెప్పింది. రేపు పొద్దున హైదరాబాద్‌లో కమిటీ కూర్చుంటుందనీ, ఆ లోగా కేసు తేలిపోవాలని పైనుంచి ఒత్తిడి ఉందనీ, సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెట్టి తీరతాననీ దామోదర్ అన్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"నువ్వు కూడా గొర్లు కాసే ఇంటి పిల్లవేనట కదా. అందుకే ఈ కేసు నీ చేతిలో ఉండటం నాకు నచ్చలేదు. మనసులో పెట్టుకోకు, ఉన్నమాట చెప్తున్నా."

గోడ దగ్గర ఐలేశం తలెత్తాడు.

"మా నాయిన గొర్లు గాసి నన్ను డిగ్రీ చదివించిండు సార్," అంది త్రివేణి. "తప్పుజేసినోణ్ని ఇడిచిపెట్టమని చదివియ్యలే. చెయ్యనోణ్ని పట్టుకపొమ్మని గూడ చదివియ్యలే."

దామోదర్ వరండా దాటి వెళ్లిపోయాడు. సాయంత్రం అంటే ఎంతో దూరం లేదు. ఒకసారి రిమాండుకు పోతే ఈ మనిషి బయటికి రావడానికి వకీలు కావాలి, జామీను కావాలి. ఆ లోపల మంద చెదిరిపోతుంది. మంద పోయిన కాపరి ఏమవుతాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల చిన్నాయన హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటు ముందు వాచ్‌మన్‌గా ఉండిపోయాడు.

వర్షిత వచ్చింది అప్పుడే. నాగేందర్ దగ్గర నాలుగేండ్లుగా పనిచేస్తున్న పిల్ల, ముప్పై లోపు వయసు. నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. రాత్రంతా దవాఖానలో సారు మంచం పక్కనే కూర్చుందట. ఢిల్లీ నుంచి ఆయన భార్య వచ్చేదాకా ఆయనకు తనవాళ్లంటూ ఇక్కడ ఇంకెవరూ లేరు. స్టేట్‌మెంటు ఇచ్చి మళ్లీ అక్కడికే పోతానంది.

ప్రశ్నలకు తడుముకోకుండా బదులిచ్చింది. నిన్న పొద్దున తాను క్యాంపులో తన గదిలోనే ఉంది. రేపటి మీటింగు కోసం టైపు చేసుకుంటోంది. సారు రోజూ పొద్దున్నే గుట్టెక్కుతారు, కాపరులతో మాట్లాడతారు. ఆ దోన దగ్గరి ఆచారం ఆయనకు పిచ్చిగా నచ్చింది. ఒక మంద నీళ్లు తాగుతుంటే బండ నెర్రెలో ఒక మండ, పచ్చి కొమ్మ, నిలబెడతారు. అది నిలబడి ఉన్నంతసేపు రెండో మంద గుట్ట కిందే ఆగాలి. తాగడం అయ్యాక మండ తీసేసి దిగాలి. తీయడం మరిచినా, ఆకు వాడిందంటే హక్కు పోయినట్టే.

"దాన్నే సారు చంద్రుడి మీదికి తీసుకెళ్లారు," అంది వర్షిత. అక్కడ దక్షిణ ధ్రువం దగ్గర ఎండ తగలని లోయల్లో మంచు ఉందనీ, స్థావరం కట్టే ప్రతి దేశానికీ అది కావాలనీ చెప్పింది. వాడుకుంటున్నంత కాలమే హక్కు, వాడటం ఆపితే వంతు ఇంకొకరిదన్నది సారు రాసిన నియమం. స్థావరం కట్టినవాళ్లకు చుట్టూ శాశ్వతంగా రక్షణ వలయం ఉండాలి, అందులోకి వేరేవాళ్లు రాకూడదన్నది కమిటీలో మిగిలినవాళ్ల మాట. ఓట్లు అటు సగం, ఇటు సగం.

"మరి నీకేమనిపిస్తది?"

ఈసారి వర్షిత నోట ఆఫీసు భాష పక్కకు పోయింది.

"సారంటే నాకు గౌరవం మేడం. కానీ మాది పాలమూరు. మా తాత దున్నుకున్న భూమికి కాయితం లేకుండె. కాయితం ఉన్నోళ్లొచ్చిండ్రు, మావోళ్లు బొంబాయికి మట్టిపనికి పోయిండ్రు. మా అమ్మ నన్ను అక్కడ్నే ఒక బిల్డింగు కాడ కన్నది. మండ వెట్టి నా వంతు అంటే ఎవడాగుతడు? కంచె ఏసినోనిదే జాగా. మనం ఎయ్యకుంటే ఇంకోడు ఏస్తడు. గీ ముక్క సారుకు ఎన్నిసార్లు చెప్పినా నవ్వెటోడు."

త్రివేణికి ఆ పిల్ల మీద ఒక రకమైన చుట్టరికం తోచింది. తమ ఇళ్లల్లో డిగ్రీ పట్టిన మొదటి మనుషుల గొంతులో ఉండే ఆ మంటను ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది. సారు లేకపోతే రేపటి మీటింగు ఆగుతుందా అని అడిగింది. ఆగదనీ, సభ్యుడు రాలేకపోతే ఆయన బదులు ఓటు వేయడానికి ముందే ఒకరి పేరు రాసి ఉంటుందనీ వర్షిత చెప్పింది. ఆ ఒకరు ఎవరని అడగబోతుండగా దవాఖాన నుంచి ఫోనొచ్చింది. అక్కడ కాపలా ఉన్న కానిస్టేబుల్ మల్లీశ్వరి. సారు చేతివేళ్లు కదులుతున్నాయట. సాయంత్రంలోగా కళ్లు తెరవొచ్చని డాక్టరు అన్నాడట.

ఆ మాట పైకి చెప్పగానే వర్షిత కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తాను వెంటనే పోవాలంది. పొమ్మంది త్రివేణి.

కిటికీలోంచి చూస్తే, వరండాలోకి తెచ్చి కూర్చోబెట్టిన ఐలేశం ముందు ఆ పిల్ల వంగి, తన నీళ్ల సీసా ఇచ్చి, ఏదో చెబుతోంది. ముసలాయన సీసా ముట్టలేదు. వింటున్నాడు. మంచి మనసున్న పిల్ల అనుకుని త్రివేణి జీపెక్కింది.

జీపు నడిపే కానిస్టేబుల్ ఎల్లేష్ ఊరుకుండే మనిషి కాదు. గుట్ట దారి మొదలయ్యేసరికి, నిజంగానే చంద్రుడి మీద ఇళ్లు కడితే అక్కడ కూడా బందోబస్తుకు మనల్నే పంపుతారా మేడం అన్నాడు.

"పంపితే పోవా?"

"పోత మేడం. దూరాన్ని బట్టి టీఏ ఇస్తే సచ్చేదాక గీ జీపు తోలే పనుండదు."

ఆమెకు నవ్వు రాలేదు. గుట్ట సగం ఎక్కేసరికే ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. బోడగుట్ట పేరుకు తగ్గ గుట్ట. బండలూ, బండల నడుమ తంగేడు పొదలూ, ఎండిన బోదగడ్డీ తప్ప నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు.

దోనలో నీళ్లు అడుగంటాయి. మందల గిట్టలకు అంచు నున్నబడి మెరుస్తోంది. పక్క బండ మీద నల్లగా ఎండిన మరక. ఒక మనిషి వంగి నీళ్లను చూస్తూ ఉంటే, వెనుక ఎత్తుబండ మీద నిలబడి కొట్టడం తేలిక. అక్కడ రాయికి కరువు లేదు. గొర్ల పెంటికలు నిన్నవీ మొన్నవీ కలిసిపోయి ఉన్నాయి. వాటితో ఏదీ తేలదు. నెర్రెలో మాత్రం మండ నిటారుగా ఉంది.

త్రివేణి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అది వేప మండ.

ఎండకు వాడింది గానీ ఆకులన్నీ ఉన్నాయి. ఒక్క రెబ్బ తెగలేదు. మొదట ఆమెకు వింతగా అనిపించింది. ఆ తర్వాత తన చిన్నతనం గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మంద కంటే ముందు పరుగెత్తి మండ నిలబెట్టడం ఆమె పనే. నాయిన ఎప్పుడూ తంగేడే విరిచి చేతికిచ్చేవాడు. ఒకసారి ఇంటి దగ్గర్నుంచి వేప మండ పట్టుకుపోతే వీపు మీద ఒకటి వేశాడు. తంగేడును మేక నోట పెట్టదు, వేప కనబడితే నిలువనీయదు. గొర్ల మందలో నాలుగు మేకలు లేని కాపరి ఈ చుట్టుపక్కల లేడు. వేప మండ పెట్టి నీళ్లకు వదిలితే, అన్నిటికంటే ముందు మాయమయ్యేది ఆ మండే.

మంద ఇక్కడికి రానే లేదు. మంద వచ్చిందని చెప్పడానికి ఎవరో ఈ మండ పెట్టారు. మండ పెడతారని తెలిసినవాళ్లు, ఏ మండ పెడతారో తెలియనివాళ్లు. ఆచారాన్ని కళ్లతో చూసినవాళ్లు కాదు, విన్నవాళ్లు.

గుట్ట మీద వేపచెట్టు లేదు. ఆమె లేచి కిందికి చూసింది. క్యాంపు గేటు ముందు రెండు వరసలు లేత వేపచెట్లు నీళ్లు పోసి పెంచినట్టు పచ్చగా ఉన్నాయి. ఆ వెనుక కంచె. కంచె లోపల తెల్లటి గుమ్మటాలు. ఒక గుమ్మటం నీడలో ఏదో నల్లటి కుప్ప.

"అవేంది ఎల్లేష్?"

ఎల్లేష్ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "గొర్లు మేడం. అరుస్తలేవేంది?"

గడ్డిపోచ లేని ఆ బూడిదపొడిలో, వేలెడు నీడ కోసం ఒకదాని మీద ఒకటి పడి ఉంది మంద. కంచె వారన తొట్టి బోర్లించి ఉంది. దాని అడుగు తెల్లగా ఎండకు మెరుస్తోంది. పొద్దున్నుంచీ ముసలాయన అడిగిన ఒక్క మాటకూ తను అబద్ధం చెప్పిందని త్రివేణికి అప్పుడు తెలిసింది. మండను పేపర్లో చుట్టి ఎల్లేష్ చేతికిచ్చి, బండల మీద జారుతూ, పట్టుకుంటూ దిగింది.

గేటు దగ్గర దామోదర్ బండి ఉంది. నేరం జరిగిన చోటు చూపించమని ఐలేశాన్ని తీసుకొచ్చాడట. గేటు కమ్మీలు పట్టుకుని ఐలేశం భార్య లక్ష్మీనర్సమ్మ నిలబడింది. కాళ్ల దగ్గర రెండు బిందెల నీళ్లున్నాయి. నిన్న సాయంత్రం నుంచి తెస్తున్నా లోపలికి పోనివ్వడం లేదని చెప్పి చెప్పి ఆమె ఇక చెప్పడం మానేసింది. కాపలా ఉన్న మల్లప్ప తన దగ్గర తాళంచెవి లేదని వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడు.

దామోదర్ ఫోను జేబులో పెట్టుకుంటూ ఎదురొచ్చాడు. "గుట్టెక్కే పని తప్పింది. ఒప్పుకున్నాడు. రికార్డు చేశాను."

త్రివేణి ఐలేశం దగ్గరికి పోయింది. ఏం చెప్పావు తాతా అని అడిగింది. ఆయన ఈసారి చూపు తిప్పుకోలేదు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఒక్కో ముక్కా పలికాడు.

"గొర్లను దోనకు తోలుకపోయిన. యాప మండ వెట్టిన. సారు అడ్డమొచ్చిండు, రాయి తీస్కొని కొట్టిన." ఆగి, ఆమె కళ్లలోకే చూస్తూ మళ్లీ అన్నాడు. "యాప మండ, బిడ్డా."

పొద్దున దామోదర్ ఆమె పుట్టుక ఎత్తి పొడిచినప్పుడు ఈయన తలెత్తడం ఆమెకు గుర్తొచ్చింది. ఈ మాట ఇన్‌స్పెక్టర్ కోసం కాదు. గొర్లు కాసే ఇంటి పిల్ల కోసం.

"సార్, తొట్టి నింపిండ్రని మీకెవరు చెప్పిండ్రు?" అంది దామోదర్ వైపు తిరిగి.

అతను కంచెలోంచి బోర్లించిన తొట్టిని అప్పుడే చూశాడు. చూసి, ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "క్యాంపువాళ్లు" అని మాత్రం అన్నాడు.

"ముందు గేటు తెరవనీయండి. కేసు సంగతి తర్వాత."

ప్రభుత్వ ఆస్తి తాళం పగలగొడితే సమాధానం ఎవరు చెప్పాలని దామోదర్ అడిగాడు. తాను చెబుతానంది త్రివేణి. ఆమె రాయి ఎత్తింది. రెండు దెబ్బలకు తాళం వంగింది గానీ ఊడలేదు. దామోదర్ కాసేపు చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఆమె చేతిలోంచి రాయి లాక్కుని ఒక్క దెబ్బతో తెగ్గొట్టాడు. మల్లప్ప పరుగున పోయి క్యాంపు ట్యాంకరు గొట్టం విప్పి తొట్టి నింపాడు.

మంద లేవడానికి కూడా తడబడింది. నీళ్ల చప్పుడు విన్నాక కదిలింది. లక్ష్మీనర్సమ్మ బిందెలు పట్టుకుని వెనకబడ్డ వాటి మధ్యకు పోయింది. రెండు గొర్రెపిల్లలు బూడిదలోంచి లేవలేదు. ఐలేశం వాటి పక్కన కూర్చుని, ముక్కుల్లోంచి పొడి తుడిచి, చెవులు నిమిరి, అట్లాగే ఉండిపోయాడు. దామోదర్ మొహం అటు తిప్పుకున్నాడు.

"సార్, ఒక్కటి చూడండి," అంది త్రివేణి. గేటు ముందున్న వేపచెట్టు నుంచి ఒక మండ విరిచి తెచ్చి, తొట్టి పక్కన పొడిలో నిలబెట్టింది. కడుపు నిండా తాగిన మేక ఒకటి తలెత్తి చూసింది. వెనక్కాళ్ల మీద లేచింది. ఇంకో రెండు వచ్చి చేరాయి. దామోదర్ ఏదో అడగడానికి నోరు తెరిచి మూసేలోపల అక్కడ ఉత్త పుల్ల మిగిలింది.

ఆమె ఎల్లేష్ చేతిలోని పేపరు విప్పించింది. గుట్ట మీది మండ, ఆకు రాలకుండా, నిండుగా.

"గొర్లొచ్చిన జాగల గిది మిగులుతదా సార్?"

దామోదర్ ఆ పుల్లనూ ఈ మండనూ మార్చి మార్చి చూశాడు. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని మనిషి. అయినా తన ఫోను తీసి, ఐలేశం ఒప్పుకోలు రికార్డును మళ్లీ విన్నాడు. విని, మొదటిసారి ముసలాయన పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాడు.

ఐలేశం మంద వైపు చూశాడు. చివరి గొర్రె కూడా తల వంచి తాగుతోంది. అప్పుడు చెప్పాడు.

నిన్న పొద్దున దూరం నుంచి మండ కనబడి, ఎవరి మందో తాగుతోందని గుట్ట కిందే ఆగాడు. ఎంతకూ మంద దిగలేదు, అరుపు లేదు. పెండ్లాన్ని గొర్ల కాడ ఉంచి ఒక్కడే ఎక్కాడు. సారు కనబడ్డాడు. మండ కూడా కనబడింది. ఏ తెలివి లేనోడు యాప మండ పెట్టిండని అనుకున్నాడు. ఠాణాలో చెబుదామనే ఉన్నాడు. ముందు గొర్లకు నీళ్లు పడితే చాలనుకున్నాడు.

"పొద్దున వరండల గా పిల్ల నీళ్లసీసా పట్టుకొనొచ్చింది," అన్నాడు. "గొర్లకు నీళ్లు లేవు, తాళంచెవి నా కాడున్నది, నువ్వు కొట్టినవని ఒప్పుకుంటే గేటు తీపిస్త అన్నది. లేకుంటే కేసు అయ్యేదాక మంద ఆడ్నే ఉంటదన్నది. ఎట్ల చెప్పాల్నో గూడ చెప్పింది. యాప మండ వెట్టిన అనుమన్నది. నేను ఏమనలే. నువ్వు ఇంటవు గదా అని గట్లనే చెప్పిన."

గదిలోంచే కదల్లేదన్న వర్షితకు, పోలీసులే సరిగ్గా చూడని మండ వేపదని ఎట్లా తెలిసింది?

"తొట్టి నింపామని నాకు ఫోన్ చేసింది కూడా ఆ అమ్మాయే," అన్నాడు దామోదర్. గొంతులో పెద్దరికం పోయింది. "ఇంకోటుంది త్రివేణీ. స్టేట్‌మెంటు తొందరగా తీసుకుని ఆమెను పంపమని కమిటీ ఆఫీసు నుంచి నాకు చెప్పారు. రేపు నాగేందర్ రాకపోతే ఆయన బదులు ఓటు వేసేది ఆమేనట."

రేపు పొద్దున దాకా ఆయన కళ్లు తెరవకపోతే వర్షితకు చాలు. కానీ సాయంత్రంలోగా తెరుస్తాడని ఆమెకు చెప్పింది త్రివేణే. పొమ్మని పంపింది తనే.

మల్లీశ్వరికి ఫోను కలిసేసరికి చాలాసేపు పట్టింది. అవతల మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడు, ఆయాసం.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్న. సారు కండ్లు తెరిచిండు. ఆ వర్షిత మేడమే ముందు చూసింది. ఉరుకు, డాక్టరును తోలుకరా అని నన్ను కిందికి పంపింది. డాక్టరును తోలుకొచ్చిన..." మల్లీశ్వరి మాట మధ్యలో ఆగింది. తలుపు హ్యాండిలు తిప్పుతున్న చప్పుడు, మళ్లీ తిప్పుతున్న చప్పుడు. "అక్కా, లోపల్నుంచి గడియ వెట్టుకున్నది. పిలిస్తే పలుకుతలేదు."

నల్లగొండ అక్కడికి చాలా దూరం. దామోదర్ అప్పటికే బండి స్టార్టు చేశాడు. త్రివేణి కదల్లేదు. ఫోను చెవికి అదిమిపట్టుకుంది.

"పగలగొట్టు మల్లీశ్వరీ," అంది. "నా పేరు జెప్పి పగలగొట్టు."

అవతల మొదటి దెబ్బ పడింది. తలుపు ఊడలేదు. ఆ దెబ్బ ఆగిన సందులో, లోపల తలుపుకు అడ్డంగా ఒక ఇనుప మంచం ఈడుస్తున్న చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది.